పాలలోని సియాలిక్ ఆమ్లం: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: ఈ రోజు అంశం పాలలోనూ మన మెదడులోనూ ఉండే ఒక రకం చక్కెర, సియాలిక్ ఆమ్లం. జీవరసాయన శాస్త్రం బోధించే డాక్టరు గారు మనతో ఉన్నారు. మొదటి ఫోను రాజోలు నుంచి. చెప్పండమ్మా.

రాజోలు మహిళ: నమస్కారమండీ డాక్టరు గారూ. మా అమ్మాయి పురిటికి వచ్చింది, బాబు పుట్టాడు. ఎదురింటివాళ్ల గేదె ఈనితే జున్నుపాలు పంపారు. మిరియాలు, బెల్లం వేసి ఆవిరి మీద పెట్టాను, గిన్నె నిండా వచ్చింది. ఇంతలో మా మేనల్లుడు ఫోనులో చూసి, ఈ సియాలిక్ ఆమ్లం మెదడుకు మంచిదట, పొడి కూడా అమ్ముతున్నారట, తెప్పించనా అత్తా అన్నాడు. మా వారేమో...

డాక్టరు: అమ్మా, ఒక్క మాట. బాబు తల్లిపాలు తాగుతున్నాడా?

రాజోలు మహిళ: తాగుతున్నాడండీ. ముర్రుపాలు పిండి పారబోయమని మా అత్తగారు అన్నారు కానీ మేము ఒప్పుకోలేదు.

డాక్టరు: చాలా మంచి పని చేశారు. తల్లిపాలలో ఈ ఆమ్లం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది ముర్రుపాలలోనే. దయచేసి ఎవరూ పారబోయకండి. ఈ ఆమ్లం తొమ్మిది కర్బన పరమాణువుల చక్కెర. మెదడులోని గాంగ్లియోసైడ్లు అనే కొవ్వులలో ఉంటుంది. తల్లిపాలలో ఎక్కువ భాగం చిన్న చక్కెర గొలుసులకు అంటుకుని ఉంటుంది. ఆ గొలుసులు చిన్న పేగులో పెద్దగా అరగవు. పెద్ద పేగుకు చేరాక అక్కడి మేలు చేసే బ్యాక్టీరియా వాటిని తెంచుకుని తింటుంది.

రాజోలు మహిళ: అయితే పొడి తెప్పించమంటారా?

డాక్టరు: వద్దమ్మా. ఎలుకలకు విడి సియాలిక్ ఆమ్లం తాగించి చూశారు. పేగు పీల్చుకుంది, కానీ ఎక్కువ భాగం కొన్ని గంటల్లోనే మార్పు లేకుండా మూత్రంలో వెళ్లిపోయింది. ప్రొటీనుకు అంటుకుని ఉన్నది పెడితే మాత్రం ఎక్కువసేపు నిలిచింది. 2007లో పంది పిల్లలకు పాల ప్రొటీనుతో కలిపి పెట్టినప్పుడు నేర్చుకునే శక్తి మెరుగుపడింది. మన పిల్లల విషయంలో అంత రుజువు లేదు. పైగా మన కాలేయం దీన్ని గ్లూకోజు నుంచి స్వయంగా తయారు చేసుకుంటుంది.

రాజోలు మహిళ: జున్ను ఒక్క చెంచా నాకిస్తే? మెదడుకు మంచిదంటున్నారు కదా.

డాక్టరు: అమ్మా, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దు. పొడీ వద్దు, జున్నూ వద్దు, తేనె అసలే వద్దు. జున్ను మీరు తినండి, మీ అమ్మాయికి పెట్టండి.

యాంకర్: ధన్యవాదాలమ్మా. భీమవరం నుంచి డిగ్రీ విద్యార్థి.

విద్యార్థి: సార్, ఈ ఆమ్లం కణంలోకి వెళ్లాక ఏమవుతుంది?

డాక్టరు: కణం తన చుట్టూ ఉన్న ద్రవాన్ని గుక్కగా లోపలికి తీసుకుంటుంది. కణంలో పదార్థాలను అరగదీసే సంచి లాంటి లైసోజోములో సియాలిడేజ్ అనే ఎంజైమ్ ఈ ఆమ్లాన్ని గొలుసు నుంచి కోస్తుంది. సియాలిన్ అనే రవాణా ప్రొటీను దాన్ని లైసోజోము బయటకు చేరవేస్తుంది. ఆ ప్రొటీను పాడైతే ఆమ్లం లోపలే పేరుకుపోతుంది, అదే సాల్లా వ్యాధి. బయటపడిన దాన్ని కణం మళ్లీ వాడుకుంటుంది, లేదంటే లయేజ్ అనే ఎంజైమ్ రెండు ముక్కలు చేస్తుంది.

యాంకర్: తరువాత నరసాపురం.

నరసాపురం శ్రోత: మేకమాంసంలోని సియాలిక్ ఆమ్లం వల్ల క్యాన్సర్ వస్తుందంటున్నారు. మానేయాలా?

డాక్టరు: మేక, గొర్రె, పశువుల మాంసంలోనూ పాలలోనూ దీనిలోని మరో రకం ఉంటుంది. దాన్ని తయారు చేసే జన్యువు మనుషులలో ఇరవై ముప్పై లక్షల ఏళ్ల కిందటే పనిచేయడం మానేసింది. తింటే కొద్దిగా మన కణాలలో చేరుతుంది, మన రక్తంలోని ప్రతిరక్షకాలు, అంటే రోగాలను ఆపే ప్రొటీన్లు, దాన్ని పరాయిదిగా చూస్తాయి. ఆ జన్యువు లేని ఎలుకలలో ఇది వాపునూ కణితులనూ పెంచింది. మనుషులలో అంతవరకు నిరూపణ కాలేదు. మీకు గోదావరి చేప ఉంది, కోడి ఉంది. వాటి కండలో ఈ రకం దాదాపు ఉండదు, చేప గుడ్లలో కొంత ఉంటుంది. మేకమాంసం అప్పుడప్పుడు తినండి, భయపడకండి.

యాంకర్: అమలాపురం, క్లుప్తంగా అడగండి.

అమలాపురం రైతు: దూడకు జున్నుపాలు ఎంతసేపటిలో పట్టాలండీ?

డాక్టరు: పుట్టిన గంట రెండు గంటల్లోపే పట్టండి. రోగాలను ఆపే ప్రతిరక్షకాలను దూడ పేగు మొదటి రోజే పీల్చుకోగలదు, గంట గంటకూ ఆ శక్తి తగ్గిపోతుంది. సియాలిక్ ఆమ్లం దానితోపాటు అందుతుంది. పాలు తాగే ఎలుక పిల్లల పేగులో ఈ ఆమ్లాన్ని గొలుసు నుంచి కోసే ఎంజైమ్ బలంగా ఉండి, పాలు మానేసరికి తగ్గిపోతుంది. ముందు దూడకు కడుపు నిండా పట్టి, ఆ తరువాతే ఇంటికి పిండుకోండి.

యాంకర్: సమయం అయిపోయింది. ధన్యవాదాలు డాక్టరు గారూ.