ఎవరు చెప్పారు, ఎప్పుడు చూశారు?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు కాబట్టి మళ్లీ చదవను. నాకిచ్చిన అంశం పర్యాటక సమాచారంలో సంపాదక ప్రమాణాలు. అంతకంటే ముందు 1807 సంగతి తేల్చుకుందాం.

బొర్రా గుహల గురించి చాలా చోట్ల ఒకే వాక్యం కనిపిస్తుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ జార్జ్ 1807లో వాటిని కనుగొన్నాడని. ఆ సంస్థ పుట్టిందే 1851లో! ఇంకా పుట్టని సంస్థలో 44 ఏళ్ల ముందే ఆయన ఉద్యోగం ఎలా చేశాడండీ? ఏడాది తప్పో, సంస్థ పేరు తప్పో, మొత్తానికి రెండూ కలిసి నిలబడవు. పైగా ‘కనుగొన్నాడు’ అట. చుట్టుపక్కల ఊళ్ల గిరిజనులకు ఆ గుహ తెలియదా?

‘పది చోట్ల ఉంది కదా’ అంటారు. పది చోట్లా ఒకచోట నుంచి ఎత్తి రాసినదే అయితే అది ఒక్క ఆధారమే. మూలం దొరకనప్పుడు ఏడాది తీసేయండి. ఏడాది లేదని ఏ యాత్రికుడూ వెనక్కి తిరిగి పోడు.

నిన్నటి నిజాలు ఇంకా ప్రమాదం. అరకు రైలు దారిలోని శిమిలిగూడ స్టేషన్ దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) స్టేషన్ అని ఇప్పటికీ రాస్తున్నారు. ఒకప్పుడు ఒప్పే. అది వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తులో ఉంది. 2008లో కశ్మీర్ లోయలో బ్రాడ్‌గేజ్ రైలు మొదలయ్యింది. అక్కడి స్టేషన్లు 1,500 మీటర్లు దాటాయి. ‘అతి పెద్ద, అతి ఎత్తైన, మొట్టమొదటి’ అన్న మాట కనిపిస్తే చాలు, ఏ సంవత్సరం నాటికి అని అడగండి.

జిల్లా కూడా అంతే. 2022 ఏప్రిల్ 4 నుంచి బొర్రా, అరకు, లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలోవి. బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండ అనకాపల్లి జిల్లాలోది. ‘విశాఖ నుంచి వెళ్లొచ్చు’ అని రాయండి, ‘విశాఖ జిల్లాలో’ అని రాయకండి. దారిలో ఇబ్బంది పడ్డవాడు ఏ కలెక్టరేటుకు ఫోన్ చెయ్యాలో ఆ జిల్లా పేరే చెబుతుంది.

ఇక వేళలు. మనకు తిట్లన్నీ ఇక్కడే. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి సోమవారం సెలవు. అది రాసేసి ఊరుకుంటే పని సగమే అయింది. టికెట్ కౌంటర్ ఎన్నింటికి మూస్తారు? మూసే వేళా, ఆఖరి టికెట్ వేళా ఒకటి కావు. పండగ సోమవారం వస్తే తెరుస్తారా? ఆదివారం వేళలు వేరా? ఈ మూడూ ఫోన్‌లో అడగండి, చెప్పినవారి హోదా, తేదీ రాసుకోండి. తర్వాత కౌంటర్ దగ్గరి బోర్డు ఫొటో తీయండి. బోర్డు మీద కాగితం అంటించి ఉంటే ఆ కాగితాన్నీ తీయండి. అసలు మార్పు అందులోనే ఉంటుంది. బోర్డూ ఫోనూ కలవకపోతే మూడోసారి అడిగేదాకా పాత వేళే ఉంచి, ‘వెళ్లేముందు ఫోన్ చేయండి’ అని చేర్చండి.

దూరం రాస్తే ఎక్కడి నుంచో చెప్పండి. ఆర్టీసీ కాంప్లెక్సా, రైల్వే స్టేషనా? ఘాట్ రోడ్డుకు కిలోమీటర్లతో పాటు గంటలూ ఇవ్వండి. సింహాచలం నిజరూప దర్శనం ‘మే నెలలో’ అని రాసేస్తున్నారు. అది వైశాఖ శుద్ధ తదియ, అక్షయ తృతీయ నాడు. ఏప్రిల్‌లోనూ రావచ్చు. తిథి శాశ్వతంగా ఉంచండి, తేదీ ఏటా మార్చండి.

చీటీ వచ్చింది, చాలించమని. ఒక్కటి చెప్పి దిగిపోతాను. విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ పాసింజర్ రైలు నంబరు 58501, కోవిడ్ తర్వాత 08551 అయింది, మళ్లీ 58501కి వచ్చింది. దయచేసి ఇప్పుడే ఫోన్లు తీసి మీ అరకు పేజీ తెరవండి. ఇంకా 08551 ఉన్నవాళ్లు చేతులెత్తండి, కుర్చీలోంచి లేవకముందే మార్చేద్దాం.