కుందేళ్ల దెబ్బకు పోయిన ఎంపీ సీటు

[తెరపై: లాన్సెస్టన్, కార్న్‌వాల్, ఇంగ్లండ్, 1874]

ఎన్నికల వేళ, పార్లమెంటుకు పోటీ చేస్తున్న జేమ్స్ హెన్రీ డీకిన్ అనే భూస్వామి తన కౌలుదార్లకు ఓ వరమిచ్చాడు: ఎస్టేట్‌లో కుందేళ్లను మీరే కొట్టుకోండి. పైసా చేతులు మారలేదు. అయినా జడ్జి మెల్లర్ దాన్ని లంచమే అన్నాడు. పంట పాడుచేసే కుందేలు పోతుంది, కూర మిగులుతుంది. విలువున్నది ఏదిచ్చినా చట్టం దృష్టిలో అది ఓటుకు నోటే!

[తెరపై: 1868 చట్టం]

అంతకుముందు ఇలాంటి ఎన్నికల తగాదాలు తేల్చింది ఎంపీల కమిటీలే. లండన్‌లో విచారణ, పార్టీ లెక్కల తీర్పులు. 1868లో ప్రధాని డిజ్రేలీ ప్రభుత్వం ఆ పనిని జడ్జిలకు అప్పగించింది. రాజకీయ బురద మాకెందుకని చీఫ్ జస్టిస్ కాక్‌బర్న్ లేఖ రాసినా ఆగలేదు.

ఎన్నిక చెల్లదని వేసే పిటిషన్‌కు గడువు 21 రోజులు. ఫలితం వచ్చాక డబ్బు పంచారని ఆరోపిస్తే, పంచిన రోజు నుంచి 28. ఖర్చుల కోసం అప్పట్లో 1,000 పౌండ్ల పూచీ కట్టాల్సి వచ్చేది; సామాన్యుడు అక్కడే ఆగిపోయేవాడు. విచారణ మాత్రం ఆ నియోజకవర్గంలోనే, బహిరంగంగా, జ్యూరీ లేకుండా ఒక్క జడ్జి ముందు. 1879 నుంచి ఇద్దరు. ఆ ఇద్దరికీ అభిప్రాయం కుదరకపోతే గెలిచినవాడి సీటు పదిలం.

లంచం తిన్నవాడు నోరెందుకు విప్పుతాడు? దాపరికం లేకుండా జవాబిస్తే శిక్ష పడకుండా అప్పట్లో జడ్జి సర్టిఫికెట్ ఇచ్చేవాడు కాబట్టి.

[తెరపై: ఏజెంటు ఎవరు?]

అసలు పోరంతా ఇక్కడే. ఏజెంటుకు నియామక పత్రం అక్కర్లేదు. అభ్యర్థి ఒప్పుకోలుతో ఓట్లడిగే పనిలో ఉన్నాడని రుజువైతే చాలు. వాడు ఒక్క ఓటరుకు లంచమిచ్చినా ఎన్నిక రద్దు. అభ్యర్థికి తెలియకపోయినా, వద్దని ముందే చెప్పినా అంతే. అందుకే ప్రతివాది లాయరు లంచం సంగతి పక్కనపెట్టి, వాడు మావాడే కాదని వాదించేవాడు.

పిటిషన్ వేసి, సీటు నాకే ఇమ్మని అడిగితే ఇంకో చిక్కు: మీ వైపు లంచాలనూ ఎదుటివాడు బయటికి లాగొచ్చు. లాన్సెస్టన్‌లో పిటిషన్ వేసిన డ్రింక్‌వాటర్ లంచం రుజువు చేశాడు, సీటు మాత్రం దక్కలేదు. ఓటింగ్ నాటికి డీకిన్ అనర్హుడని ఏ తీర్పూ తేల్చలేదు కాబట్టి అతనికి పడ్డ ఓట్లు వృథా కావంది కామన్ ప్లీస్ అనే కోర్టు. మళ్లీ ఎన్నిక పెడితే గెలిచిందెవరు? డీకిన్ కొడుకు!

మన దగ్గర 1966 నుంచి ఈ పిటిషన్లు హైకోర్టువి: గడువు 45 రోజులు, డిపాజిట్ 2,000 రూపాయలు.

[తెరపై: బెవర్లీ, యార్క్‌షైర్]

జడ్జి తీర్పు స్పీకర్‌కు వెళ్తుంది. లంచాలు ఊరంతా పాకాయని అందులో ఉంటే రాయల్ కమిషన్ అనే ప్రత్యేక విచారణ సంఘం దిగే వీలుండేది. 1868లో నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ ఓడిన బెవర్లీలో అదే జరిగింది. పార్లమెంటు ఓట్ల కోసం, అంతకు కాస్త ముందు జరిగిన మునిసిపల్ ఎన్నికల్లోనే డబ్బు పంచారని జడ్జి మార్టిన్ పట్టేశాడు. గెలిచిన ఇద్దరి సీట్లూ పోయాయి. కమిషన్ వచ్చి వెళ్లాక, 1870లో బెవర్లీకి సొంత ఎంపీలే లేకుండా చేశారు.