మిరప మంట, యాసిడ్ మంట: ఎలుకలు చెప్పిన తేడా

సభకు నమస్కారం.

ఒంగోలులో నిలబడి మిరప గురించి మాట్లాడటం తాతకు దగ్గులు నేర్పటమే. కల్లంలో ముచ్చికలు తీసిన చేతులు రాత్రంతా ఎలా భగభగమంటాయో ఇక్కడ చాలామందికి అనుభవమే. ఘాటుకు మూలమైన కాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఎన్ని నీళ్లతో కడిగినా ఆ మంట వదలదు. అయినా తెల్లవారి చూసుకుంటే చాలావరకు బొబ్బ కనిపించదు. అదే చేతి మీద యాసిడ్ పడితే చర్మమే కాలిపోతుంది. నొప్పి ఒకేలా ఉన్నా, ఒకచోట గాయమైంది, మరొకచోట కాలేదు.

ఈ చిక్కుముడిని 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం విప్పింది. ఎలుకల జ్ఞాననాడుల నుంచి తీసిన జన్యువులను వెదికి, కాప్సైసిన్‌కు స్పందించే ప్రోటీనును వారు పట్టుకున్నారు. దాన్ని ఇప్పుడు టీఆర్‌పీవీ1 అంటున్నాం. దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి, ఆమ్లానికి, మిరపకు కూడా తెరుచుకునే తలుపు అది. కనుక మిరప తగిలితే చర్మం కాలకపోయినా కాలుతున్నదన్న కబురే మెదడుకు వెళుతుంది. 2021 నోబెల్‌లో జూలియస్‌కు దక్కిన భాగం ఇందుకే. పక్షుల్లోనూ ఈ తలుపు ఉంది గాని కాప్సైసిన్‌కు తెరుచుకోదు. పంజరంలో చిలుక పండుమిరపను కళ్లలో నీళ్లు రాకుండా కొరికేయడంలోని రహస్యం ఇంతే.

అయితే నా దృష్టిలో ఇంతకన్నా విలువైన పని అంతకు ఎన్నో ఏళ్ల ముందే హంగరీలో జరిగింది. అక్కడి శాస్త్రవేత్త మిక్లోష్ యాంచో ఎలుకలకు కాప్సైసిన్ ఎక్కువగా ఇచ్చి చూశాడు. మొదట విలవిలలాడిన జంతువులు, ఆ తరువాత ఘాటైన రసాయనాలు తగిలినా పట్టించుకోవడం మానేశాయి. ఆయన మరణానంతరం 1967లో వెలువడిన పత్రం మరో మెట్టు ఎక్కింది. మామూలు ఎలుక చర్మానికి ఆవనూనె ఘాటు తగిలితే రక్తనాళాల నుంచి ద్రవం ఊరి వాపు వస్తుంది. నాడిని కోసేసినా, ముందుగా కాప్సైసిన్‌తో మొద్దుబార్చినా ఆ వాపు రాలేదు. అంటే నాడి కబురు మోసే బంట్రోతు మాత్రమే కాదు, గాయమైన చోటికి రక్తాన్ని రప్పించే కావలిదారు కూడా.

ఆ కావలి పోతే ఏమవుతుందో 1980లలో ఎలుకల కడుపులో చూశారు. నాడులు మొద్దుబారిన ఎలుకలకు గాఢమైన ఆల్కహాలు పట్టిస్తే, జీర్ణకోశపు పొర మామూలు ఎలుకల కన్నా ఎక్కువగా దెబ్బతిన్నది. అందుకు భిన్నంగా, కొద్దిపాటి కాప్సైసిన్‌ను ఆరోగ్యకరమైన ఎలుక కడుపులోకి పంపితే నాడులు సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని విడుదల చేసి, ఆ పొరకు రక్తప్రసారాన్ని పెంచి, గాయాన్ని తగ్గించాయి.

ఇది విని రేపటి నుంచి పచ్చడిలో కారం రెట్టింపు చేస్తారేమోనని నా భయం. ఎలుకను కాపాడింది కొద్ది మోతాదు. కావలి నాడులను మొద్దుబార్చిందీ అదే పదార్థం, కాకపోతే పెద్ద మోతాదులో.