40 పౌండ్ల బాకీ

(లీడ్స్‌లో మన తెలుగువాళ్ల టేప్ బాల్ క్రికెట్ నాకౌట్ ఫైనల్ అయ్యాక, ప్రైజులిచ్చే సాయంత్రం మాట్లాడింది. కాగితం చూసి చదివింది కొంచెమే, మిగతాది నోటికొచ్చినట్టు.)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, కింద కూర్చున్న అక్కలకి, అన్నలకి, వెనకాల కుర్చీలు ఈడుస్తున్న పిల్లలకి... ఒరేయ్ ఆ కుర్చీలు కాసేపు వదిలెయ్యండ్రా బాబూ. నాకు ఐదు నిమిషాలిచ్చారు, టాపిక్ "క్రీడలు, ఆరోగ్యం" అన్నారు. ఆటలాడితే ఆరోగ్యం బాగుంటుంది. టాపిక్ అయిపోయింది. బిర్యానీ వ్యాన్ ఇంకా రింగ్ రోడ్డు మీదే ఉందని ఇప్పుడే ఫోనొచ్చింది కాబట్టి మీరెక్కడికీ పోలేరు, నేను చెప్పాలనుకున్నది చెప్తాను.

మన లీడ్స్ హెడింగ్లీ గ్రౌండ్‌కి ఎంతమంది వెళ్లారు, చేతులెత్తండి. చూశారా, హాలంతా లేచింది. అదే హెడింగ్లీలో రగ్బీ వైపు కూర్చున్నవాళ్లు? ముగ్గురు. ఒకటే స్టాండండీ, ఇటు తిరిగి కూర్చుంటే క్రికెట్, అటు తిరిగి కూర్చుంటే రగ్బీ లీగ్, మనం ఇన్నేళ్లుగా దానికి వీపు చూపించి కూర్చుంటున్నాం. మా పక్కింటి పెద్దాయన లాక్కెళ్లేదాకా నేనూ అంతే. టీమ్‌కి పదమూడు మంది, బంతి పట్టుకుని పరిగెత్తాలి, అవతలోళ్లు పట్టి పడేస్తారు, ఆరుసార్లు పడేసేలోపు ఏదో ఒకటి చెయ్యకపోతే బంతి అప్పజెప్పాలి. ఆయనిదంతా చెప్తుంటే "అంటే కూత లేని కబడ్డీ అన్నమాట" అన్నాను. కబడ్డీ ఏంటో ఆయనకి చెప్పడానికి ఇంకో అరగంట పట్టింది, పేవ్‌మెంట్ మీద కూత పెట్టి చూపించాను కూడా, మా ఆవిడ కర్టెన్ వేసేసింది.

ఈ ఆట ఎలా పుట్టిందో తెలుసా? 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్లో, మనకి పక్కనే. ఆడేవాళ్లు గనుల్లో మిల్లుల్లో పనిచేసేవాళ్లు, శనివారం మ్యాచ్‌కొస్తే ఆ పూట కూలి పోతుంది, ఆ పోయిన కూలి ఇద్దాం అని ఇక్కడి క్లబ్బులు అడిగితే రగ్బీని నడిపే పెద్దవాళ్లు కుదరదన్నారు, సరే అని వీళ్లు విడిపోయి వేరే కుంపటి పెట్టుకున్నారు. పోయిన కూలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక ఈ రగ్బీ లీగ్‌లో పెద్ద కప్, ఛాలెంజ్ కప్. 1897లో మొదటి ఫైనల్, మన హెడింగ్లీలోనే, బాట్లీ టీమ్ సెయింట్ హెలెన్స్‌ని ఓడించింది. నాకౌట్, ఓడితే ఇంటికే. జనవరిలో మొదలయ్యే రౌండ్లలో ఆర్మీ వాళ్లు, పోలీసులు, పల్లెటూరి క్లబ్బులు కూడా ఆడతారు, వాళ్లు గెలుస్తూ పోతే పేపర్ మీద లండన్ వెంబ్లీ స్టేడియంలో ఫైనల్ దాకా దారుంది. మా పెద్దాయనకి ఇష్టమైన కథ 1983ది. ఫెదర్‌స్టోన్ అని బొగ్గుగనుల ఊరు, ఇక్కణ్ణుంచి కారులో దగ్గరే, వాళ్లు వెంబ్లీలో హల్ లాంటి ఛాంపియన్ టీమ్‌ని 14-12తో కొట్టారు. ఈ కథ నాకు కనీసం పదిసార్లు చెప్పుంటాడు, చెప్పినప్పుడల్లా ఆఖర్లో ఫెన్స్ మీద చెయ్యేసి కొడతాడు.

2020 మార్చిలో ఐదో రౌండ్ అయ్యింది, కోవిడ్ వచ్చి కప్ ఆగిపోయింది. దాన్ని మళ్లీ ఎలా నడిపారో చూడండి, టోర్నమెంట్లు పెట్టేవాళ్లకి ఇది చాలా ముఖ్యం, కమిటీ వాళ్లూ ఫోన్లు పక్కన పెట్టండి. ప్రభుత్వం ఆటకి 16 మిలియన్ పౌండ్లిచ్చింది, దానం కాదు అప్పు. స్క్రమ్ తీసేశారు, అంతమంది తలలు దగ్గరపెట్టి ఊపిరి పీల్చేదే కదా అది. ఆటగాళ్లకి టెస్టులు. ఒకడికి పాజిటివ్ వస్తే మ్యాచ్ వీడియో, జీపీఎస్ లెక్కలు చూసి వాడికి మీటరు దూరంలో ఎవరెవరున్నారో ఏరేవాళ్లు. మన లీడ్స్ బెకెట్ యూనివర్సిటీ వాళ్లు అలా నాలుగు మ్యాచ్‌లు, పాజిటివ్ వచ్చిన ఎనిమిది మందిని పట్టుకుని చూసి, గ్రౌండ్ మీద అంటుకునే రిస్క్ తక్కువే అన్నారు. సెమీస్ రెండూ ఒకే రోజు, ఒకే గ్రౌండ్‌లో, సెయింట్ హెలెన్స్‌లో పెట్టేశారు. మెచ్చుకోవాల్సిందే, ఆ గడ్డు రోజుల్లో అది చిన్న పని కాదు.

అక్టోబర్ 17, ఫైనల్. లీడ్స్, సాల్‌ఫర్డ్. తొంభై వేలమంది పట్టే వెంబ్లీలో ప్రేక్షకుడు ఒక్కడు లేడు. సాల్‌ఫర్డ్ వాళ్లు 1969 తర్వాత మొదటిసారి ఫైనల్‌కొచ్చారండీ, యాభై ఏళ్లు ఎదురుచూసి, వస్తే లోపలికి రానివ్వరు! మన లీడ్స్‌లో అప్పుడు ఒకరింట్లోకి ఒకరు వెళ్లకూడదు. పెద్దాయన గోడకి అటు, నేను ఇటు. సెమీ డిటాచ్డ్ ఇల్లు కదా, మధ్యలో ఒక్క గోడే. 16-16, ఇంకో ఐదు నిమిషాలుంది. నా టీవీ ఇంటర్నెట్‌ది, ఆయనది డిష్‌ది, నాకన్నా కొన్ని సెకన్లు ముందు. నా టీవీలో బంతి ఇంకా మన లీడ్స్ ఆటగాడు ల్యూక్ గేల్ చేతికి రానేలేదు, గోడ దడదడదడ మోగింది! పెయింటింగ్ వంకరైపోయింది. తర్వాత నింపాదిగా గేల్ డ్రాప్ గోల్ కొట్టాడు, కాలితో తన్ని ఒక్క పాయింట్, 17-16. నేనూ గోడ మీద దరువేశాను. మా ఇద్దరి విజయోత్సవం అదే.

మర్నాడు చెత్త డబ్బాల దగ్గర రోడ్డుకి చెరోవైపు నిలబడి కంగ్రాట్స్ చెప్పాను. ఆయన మొహంలో పెద్ద సంతోషం లేదు. "సగం కప్పే కదా" అన్నాడు. నాకర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు, కింది డివిజన్ల సీజన్లే రద్దయిపోయాయి, కప్ మళ్లీ మొదలెట్టినప్పుడు పై డివిజన్ సూపర్ లీగ్ క్లబ్బులే మిగిలాయి, ఆ ఏడాది ఆడవాళ్ల కప్ అసలు లేనే లేదు. కింది క్లబ్బుల్లో ఆడేవాళ్లు పగలు వేరే పని చేసుకుని సాయంత్రం ప్రాక్టీస్‌కొచ్చేవాళ్లు. టెస్టులకి డబ్బులేవి, జనం రాకపోతే టికెట్ డబ్బులేవి, పాజిటివ్ వస్తే పనికెవడు పోతాడు. పోయిన కూలి కోసం పుట్టిన ఆట, మళ్లీ ఆ కూలి దగ్గరే ఆగింది. నడిపినవాళ్లని నేను తప్పుపట్టట్లేదు. నేనైనా అదే చేసేవాణ్ణేమో.

చేసేవాణ్ణేమో కాదు. చేశాను. ఇది చెప్పడానికే మైక్ తీసుకున్నాను.

2021 జులై, మన నాకౌట్ మొదటిసారి పెట్టాం గుర్తుందా? ఎనిమిది టీమ్‌లు, టీమ్‌కి 40 పౌండ్లు ఎంట్రీ. పోస్టర్ మీద "మనందరి కప్పు" అని రాసింది నేనే. రూల్ పెట్టిందీ నేనే, మ్యాచ్ రోజు పొద్దున్నే పదకొండు మందీ టెస్ట్ ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టాలి, లేకపోతే అవతలి టీమ్‌కి వాకోవర్. కిట్లు ఫ్రీగానే ఇస్తున్నారు కదా, ఇంకేంటి కష్టం అనుకున్నాను. ఎక్సెల్ షీట్‌లో పచ్చ రంగు, ఎర్ర రంగు కూడా పెట్టాను, మహా గర్వంగా ఉండేది.

ఒక టీమ్ అంతా స్టూడెంట్లు. రాత్రిళ్లు వేర్‌హౌస్‌లో ప్యాకింగ్. మ్యాచ్‌కి రెండు రోజుల ముందు వాళ్ల కెప్టెన్ మా ఇంటికొచ్చాడు, గేటు బయటే నిలబడ్డాడు, పసుపు జాకెట్ ఇంకా ఒంటి మీదే ఉంది. "అన్నా, టెస్ట్ చేసుకుంటే చేసుకుంటాం, కానీ పాజిటివ్ వస్తే పది రోజులు షిఫ్ట్ ఉండదు, మాది ఏజెన్సీ, వెళ్లకపోతే రూపాయి రాదు, ఐదుగురం ఒకే ఇంట్లో ఉన్నాం, రెంట్ ఎవరు కడతారన్నా" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "రూల్ అంటే రూల్ తమ్ముడూ" అన్నాను. చేతిలో కాఫీ కప్పు కూడా ఉంది నాకు.

వాళ్ల పేరు ఎర్ర రంగులోకి మారింది. ఏడు టీమ్‌లతో మనందరి కప్పు.

టెస్ట్ వద్దని నేననను, ఆ రోజుల్లో ఇళ్లల్లో పెద్దవాళ్లున్నారు, భయం నిజం. కానీ ఆ ఏడాది మనం ట్రోఫీ కొన్నాం చూడండి, అదిగో ఆ మూడడుగులది, ఎవరింట్లోనూ పట్టదు, గెలిచినవాళ్లు గ్యారేజ్‌లో పెట్టుకుంటారు. దాని బదులు ఒక గిన్నె కొని, మిగిలింది పక్కన పెట్టి, "పాజిటివ్ వస్తే మీ రెంట్ కమిటీ చూసుకుంటుంది, టెస్ట్ చేసుకోండ్రా" అని ఉండొచ్చు. ఒక్కడికీ తట్టలేదు. నూట పాతికేళ్ల క్రితం ఇక్కడి మిల్లువాళ్లకి తట్టింది. ట్రెజరర్ గారూ, నవ్వకండి, రేపు మీటింగ్‌లో ఇదే అడుగుతాను, స్టూడెంట్ టీమ్‌లకి ఎంట్రీ ఫీజు ఉండకూడదు, ఎవరికైనా ఆట వల్ల షిఫ్ట్ పోతే ఆ డబ్బు మనమే ఇవ్వాలి. చేతులెత్తమని ఇప్పుడే అడుగుతున్నాను. ఊఁ... ఇందాక హెడింగ్లీకి లేచినన్ని లేవలేదు. సరే.

వ్యాన్ వచ్చేసిందంటున్నారు. ఒక్క నిమిషం. ఆ కెప్టెన్‌కిప్పుడు పెళ్లైంది, పాప కూడా, మూడో వరసలో కూర్చున్నాడు, నేను మాట్లాడుతున్నంతసేపూ తల దించుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. తమ్ముడూ, మీ టీమ్ ఎంట్రీ ఫీజు "వచ్చే ఏడాదికి సర్దుతాను" అని ఉంచేసుకున్నాను, ఇవాళ్టిదాకా ఇవ్వలేదు. కవర్లో పెట్టి తెచ్చాను, 40 పౌండ్లు. భోజనాల లైన్లో కనపడు.