వేక్‌బోర్డింగ్ బోటు: నింపడం, నడపడం, కాపాడుకోవడం

[దృశ్యం: పైనుంచి బోటు. వెనక రెండు పాయలుగా విచ్చుకుంటున్న అల. తాడు చివర రైడర్.]

వ్యాఖ్యానం: వేక్‌బోర్డింగ్ అంటే బోటు తాడుతో లాగుతుంటే బోర్డు మీద నిలబడి సాగే ఆట. రైడర్ గాలిలోకి లేచేది ఆ అల మీదినుంచే. అల పెద్దది కావాలంటే బోటు ఎక్కువ నీటిని పక్కకు నెట్టాలి, అంటే నీళ్లలో లోతుగా కూర్చోవాలి. అందుకే మిగతా బోట్లు బరువు తగ్గించుకోవాలని చూస్తుంటే, ఇది పనిగట్టుకుని ఎక్కించుకుంటుంది. ఈ బోటుతో వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం అదే.

[దృశ్యం: నేల కింది ట్యాంకు, పంపు, డ్రైవరు ముందున్న స్విచ్చులు.]

ఆ బరువు పేరు బ్యాలస్ట్. చాలా బోట్లలో అది నీళ్లే. పంపులు సరస్సులోంచి తోడి ట్యాంకుల్లో, సంచుల్లో నింపుతాయి. లీటరుకు కిలో లెక్కన 500 లీటర్లు నింపితే అర టన్ను. కంటికి కనిపించని ఏడుగురు పెద్దవాళ్లు ఎక్కి కూర్చున్నట్టే. బోటు మోయగల బరువెంతో పలక మీద రాసి ఉంటుంది. మనుషులను మాత్రమే లెక్కపెట్టి ఊరుకోకండి. బ్యాలస్ట్‌ను ఎలా లెక్కించారో మాన్యువల్‌లో చూసుకోండి.

ఎంత నింపాలన్నదానికంటే ఎక్కడ నింపాలన్నదే ఆసక్తికరం. వెనక బరువు పెరిగితే అల నిటారుగా లేస్తుంది, పొడవు తగ్గుతుంది. ముందు కూడా కొంత వేస్తే అల పొడవై, వాలు మెత్తబడుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి తక్కువ బ్యాలస్ట్, మెత్తని వాలు చాలు.

[దృశ్యం: వెనకనుంచి దగ్గరగా అల. ఒక వైపు నున్నగా, మరో వైపు నురగగా.]

ఇక్కడ చూడండి. కుడి పాయ నున్నగా ఉంది, ఎడమ పాయ శిఖరం నురగై విరిగిపోతోంది. బోటు కుడికి ఒరిగిందన్నమాట. ట్యాంకుల జోలికి వెళ్లకముందు ఒక మనిషిని ఎడమ సీటులోకి మార్చి చూడండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. తాడు వదిలి బోటు అల మీదే సాగే సర్ఫింగ్‌కైతే సర్దుబాటు తలకిందులు. ఏ వైపు అల మీద ఆడతారో ఆ వైపుకే కావాలని ఒరగనిస్తారు, లేదా వెనకనున్న పలకలతో నీటిని మళ్లిస్తారు.

[దృశ్యం: బోటు అడుగు. ప్రొపెల్లర్, దాని వెనక చుక్కాని.]

ఇక నడపడం. ప్రొపెల్లర్ బోటు కిందే ఉంటుంది, చుక్కాని దాని వెనక. ప్రొపెల్లర్ నెట్టిన నీరు చుక్కానిని తాకితేనే బోటు బాగా తిరుగుతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి స్టీరింగ్ ఎంత తిప్పినా పెద్దగా ఫలితం ఉండదు. రివర్స్‌లో మరీ మొండి. ప్రొపెల్లర్ తిరిగే దిశను బట్టి వెనక భాగం ఒక పక్కకు జరుగుతూ పోతుంది. మీ బోటు ఎటు జరుగుతుందో విశాలమైన నీళ్లలో ముందే తెలుసుకోండి. గట్టుకు చేర్చేటప్పుడు ఆ గుణమే మీకు పనికొస్తుంది.

రైడర్‌ను లాగేటప్పుడు గంటకు 30 నుంచి 37 కిలోమీటర్ల వేగం మామూలు. దూరాన ఒక చెట్టునో కొండనో గురిపెట్టుకుని నేరుగా వెళ్లండి. తాడు ఎత్తైన టవరుకు కట్టి ఉంటుంది కాబట్టి రైడర్ పక్కకు దూసుకెళ్లిన ప్రతిసారీ బోటు కాస్త లాగుతుంది. స్టీరింగ్‌ను చిన్నగా సరిదిద్దితే చాలు.

[దృశ్యం: రైడర్ పడ్డాడు. బోటు నెమ్మదిస్తోంది.]

మంచి డ్రైవరెవరో తెలిసేది ఇక్కడే. రైడర్ పడగానే పూర్తి వేగంతో గిర్రున తిరగడం చూడటానికి బాగుంటుంది గానీ, నీళ్లంతా కెలికేస్తుంది, తర్వాతి రైడ్ ఎగుడుదిగుడుల మీదే. వేగం తగ్గించి, నిదానంగా తిరిగి, రైడర్ మీ కళ్లముందు డ్రైవరు వైపు ఉండేలా దగ్గరికి రండి. ఎక్కేముందు ఇంజిన్ ఆపేయాలి.

నిండా బరువున్న బోటుకు ముందు భాగం కిందికి ఉంటుంది. ఎదురుగా పెద్ద అల వస్తుండగా థ్రాటిల్ ఒక్కసారిగా వదిలేస్తే ముక్కు ఇంకా దిగి నీళ్లు లోపలికి పొర్లుతాయి. కొంచెం శక్తి ఇచ్చి ముక్కును పైకి ఉంచుతూ, అలను కాస్త ఏటవాలుగా దాటండి. ముందు సీట్లలో గుంపుగా కూర్చున్నవారిని వెనక్కి పంపడం ఇంకా మేలు.

ఇంకొక మాట, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇంజిన్ పొగ వెనకనుంచే వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. ఇంజిన్ నడుస్తుండగా వెనక అరుగు మీద ఎవరూ కూర్చోకూడదు.

[దృశ్యం: ఇంజిన్ మూత తెరిచి ఉంది.]

నిర్వహణ. పెట్రోలు ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు 4 నిమిషాలు బ్లోయర్ (ఇంజిన్ గదిలోని గాలిని బయటికి తోసే ఫ్యాను) నడపండి, పేరుకున్న పెట్రోలు ఆవిరి బయటికి పోతుంది. డ్రెయిన్ ప్లగ్ బిగించారో లేదో నీళ్లలోకి దించకముందే చూడండి, ఈ ఒక్క చిన్న బిరడా మరిచి బోటును ముంచుకున్నవాళ్లకు కొదవ లేదు. ఇంజిన్‌ను చల్లబరిచే నీటిని లాగే పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ను (రెక్కల చక్రాన్ని) ఏటా మార్చడం మంచి అలవాటు. అది అరిగితే ఇంజిన్ వేడెక్కుతుంది. అంతకుముందు లేని వణుకు మొదలైతే ప్రొపెల్లర్ రెక్క వంగిందేమో, దాన్ని తిప్పే కడ్డీ, అంటే షాఫ్ట్, వరుస తప్పిందేమో చూపించండి.

అందరూ మరిచేది బ్యాలస్ట్ ట్యాంకే. ఖాళీ చేశామనుకున్నాక కూడా అడుగున, పైపుల్లో నీరు మిగులుతుంది. జీబ్రా, క్వాగా అనే జాతుల నత్తగుల్లల పిల్లలు కంటికి కనిపించనంత చిన్నవి, ఆ కొద్ది నీటితోనే మరో సరస్సుకు చేరిపోతాయి. కాబట్టి సరస్సు మారేముందు కడిగి, పూర్తిగా వంపి, ఆరబెట్టాలి. చలి గడ్డకట్టించే చోట ఇలా లోపల మిగిలిపోయిన నీరే ఇంజిన్ బ్లాకును, పంపును పగలగొడుతుంది. సీజను ముగిశాక ఇంజిన్‌తోపాటు ట్యాంకుల పైపులనూ చివరి చుక్కదాకా ఖాళీ చేయండి.