రింగ్ టెస్ట్‌లో నెగ్గిన లూబ్రికెంట్ ప్రెస్ మీద ఎందుకు ఓడుతుంది?

నమస్కారం. కోల్డ్ ఫోర్జింగ్‌కి, అంటే లోహాన్ని వేడి చేయకుండానే ప్రెస్‌తో నొక్కి ఆకారం తెచ్చే పనికి, లూబ్రికెంట్ ఎంచుకునేటప్పుడు రింగ్ టెస్ట్ ఒక్కటి చేసి సరిపెట్టుకుంటే తర్వాత పంచ్‌లు, అంటే లోహంలోకి దిగే పనిముట్లు, అరిగి తెలుస్తుంది. ఎందుకో చూద్దాం. ముందు ఆ టెస్ట్ సంగతి.

ఈ రింగ్ చూడండి. బయటి వ్యాసం 18 మిల్లీమీటర్లు, రంధ్రం 9, ఎత్తు 6. అంటే 6:3:2 నిష్పత్తి. దీనికి లూబ్రికెంట్ పట్టించి, రెండు చదునైన డైల (నొక్కే ఉక్కు దిమ్మెల) మధ్య పెట్టి 3 మిల్లీమీటర్ల ఎత్తుకు నొక్కుతాం. ఘర్షణ బాగా తక్కువైతే లోహమంతా బయటికే జరిగి రంధ్రం పెద్దదవుతుంది. ఎక్కువైతే కొంత లోహం లోపలికి మళ్లి రంధ్రం చిన్నదవుతుంది. బలం ఎంతో కొలవకుండానే, ఒక్క వెర్నియర్‌తో ఘర్షణ తెలిసిపోతుంది. ఎంత చక్కటి ఆలోచనో! ఎత్తు ఎంత తగ్గింది, రంధ్రం ఎంత మారింది అన్న రెండు శాతాలనూ క్యాలిబ్రేషన్ గ్రాఫ్ మీద పెడితే ఘర్షణ విలువ 'ఎం' వస్తుంది. సున్నా అంటే ఘర్షణే లేదు, ఒకటి అంటే పూర్తిగా అంటుకుపోయింది.

తప్పులు జరిగేది కొలతలోనే. నొక్కాక రంధ్రం గోడ నిటారుగా ఉండదు, వంపు తిరుగుతుంది. అంచు దగ్గర కొలిస్తే ఒకటి, నడిమధ్యలో కొలిస్తే ఇంకొకటి. మీ గ్రాఫ్ ఎక్కడ కొలిచి గీశారో అక్కడే మీరూ కొలవాలి, అదీ రెండు దిక్కుల్లో. ఒక రింగ్ అయ్యాక డైని తుడవకపోతే దాని మీద మిగిలిన పాత లూబ్రికెంట్ వల్ల కొత్తదానికి మార్కులు పడతాయి.

ఇక అసలు విషయం. ఎత్తు సగమైతే రింగ్ పై ముఖం వైశాల్యం రెట్టింపవుతుంది, అంతే. బ్యాక్‌వర్డ్ ఎక్స్‌ట్రూజన్‌లో, అంటే పంచ్ దిగుతుంటే లోహం దాని చుట్టూ వెనక్కి పాకి కప్పులా తయారయ్యే పనిలో, పంచ్ కింద పుట్టే కొత్త ఉపరితలం అంతకు ఎన్నో రెట్లు. పీడనం 2000 మెగాపాస్కల్స్ దాటొచ్చు, వేడి కూడా తోడవుతుంది. అక్కడ లూబ్రికెంట్ కోటింగ్ సాగలేక తెగితే, ఉక్కు నేరుగా పంచ్‌కి అతుక్కుంటుంది. రింగ్ టెస్ట్‌కి ఈ పరిస్థితే ఎదురు కాదు.

అందుకే డబుల్ కప్ టెస్ట్ కూడా చేయాలి. కంటైనర్‌లో స్థూపాకారపు బిల్లెట్ (లోహపు ముక్క). పైనా కిందా ఒకే సైజు పంచ్‌లు. పైది కదులుతుంది, కిందిది, కంటైనర్ కదలవు. ఘర్షణ లేకపోతే పై కప్పు, కింది కప్పు ఒకే ఎత్తు వస్తాయి. ఘర్షణ పెరిగేకొద్దీ పైది పొడవవుతుంది, కిందిది పొట్టిదవుతుంది. ఆ రెండు ఎత్తుల నిష్పత్తే మీ ఫలితం.

కొత్త లూబ్రికెంట్‌ను ఫాస్ఫేట్, సబ్బు కోటింగ్‌తోనే పోల్చండి, కానీ ఆ కోటింగ్ సరిగ్గా పట్టి ఉండాలి. గ్రీజు వదిలించాలి, ఆమ్లంలో తుప్పు తీయాలి, కడగాలి, జింక్ ఫాస్ఫేట్ బాత్, మళ్లీ కడగడం, న్యూట్రలైజ్ (మిగిలిన ఆమ్లాన్ని పోగొట్టడం), చివరికి సుమారు 80 డిగ్రీల సోడియం స్టియరేట్ సబ్బు బాత్. సబ్బులో కొంత ఫాస్ఫేట్‌తో కలిసి జింక్ స్టియరేట్ అవుతుంది, పట్టు దానిదే. న్యూట్రలైజ్ సరిగ్గా చేయక ఆమ్లం సబ్బు బాత్‌లోకి చేరితే, నిమ్మరసం పడ్డ పాలలా సబ్బు విరిగిపోతుంది. తర్వాత బిల్లెట్ పూర్తిగా ఆరాలి. తడి ఉంటే నీరు డైలో చిక్కుకుని ఎత్తులు తేడా వస్తాయి.

ఎత్తులు కొలిచాక కప్పును నిలువునా కోసి లోపలి గోడను లెన్స్‌తో చూడండి. నిష్పత్తి బాగున్నా గోడ మీద నిలువు గీతలు కనిపిస్తే ఆ లూబ్రికెంట్‌ను ప్రెస్‌కి పంపకండి.