చర్చి గోపురం మీద డార్త్ వేడర్ ఎందుకున్నాడు?

[స్క్రీన్: వాషింగ్టన్ నేషనల్ కెథడ్రల్. కెమెరా వాయవ్య గోపురం పైకి జూమ్ అవుతుంది.]

ఆ పైన ఒక రాతి తల ఉంది, కనిపిస్తోందా? కింద నిలబడి చూస్తే కనిపించదు, బైనాక్యులర్స్ కావాలి. స్టార్ వార్స్ విలన్ డార్త్ వేడర్ తల అది. ఎవరో ఆకతాయిగా చేసిన పనేం కాదు. 1980ల్లో పిల్లలకు బొమ్మల పోటీ పెట్టి, అందులోంచి ఎంచుకుని మరీ చెక్కించారు. వాననీళ్లు గోడ మీద కారకుండా పక్కకు చిందించడం దాని డ్యూటీ. పాత చర్చిల్లో ఇలాంటి చోట్ల భూతాల మొహాలు, వింత జంతువులు ఉండటం మామూలే. అంటే వేడర్ కోసం కొత్తగా చోటేమీ చెయ్యలేదు. భూతాల సీటు ఎప్పటినుంచో ఉంది, అందులో కూర్చోబెట్టారు.

[స్క్రీన్: గాంధార శిల్పాలు]

మతానికి చెందిన చోట ఇలా బయటి పాత్రల్ని కలపడం మన కాలంలో మొదలైంది కూడా కాదు. ఇప్పటి పాకిస్థాన్, అఫ్ఘానిస్థాన్ ప్రాంతంలోని పాత గాంధార శిల్పాల్లో బుద్ధుడి పక్కన కాపలాగా వజ్రపాణి ఉంటాడు. అఫ్ఘానిస్థాన్‌లోని హడ్డాలో దొరికిన ఒక వజ్రపాణిని చూడండి. గడ్డం, కండలు, భుజం మీద సింహం చర్మం... అచ్చం గ్రీకు వీరుడు హెరాక్లిస్! ఆ ప్రాంతాన్ని ఏలిన గ్రీకు రాజులు నాణేల మీద వేయించుకున్న వీరుడే, జనానికి బాగా తెలిసిన మొహమే. శిల్పి గద తీసేసి చేతికి వజ్రాయుధం ఇచ్చాడు. దాంతో గ్రీకు దేవుడు జ్యూస్ కొడుకైన హెరాక్లిస్ కాస్తా బుద్ధుడికి బాడీగార్డ్ అయిపోయాడు.

[స్క్రీన్: వాట్ రోంగ్ ఖున్, తెల్లటి గుడి]

ఇప్పుడు థాయ్‌లాండ్. చియాంగ్ రాయ్‌లోని ఈ గుడిని చలెర్మ్‌చాయ్ కోసిత్‌పిపాట్ అనే చిత్రకారుడు సొంతంగా కట్టించాడు, 1997లో తెరిచారు. లోపల ఫొటోలు తియ్యనివ్వరు కాబట్టి బయటి నుంచే చూపిస్తున్నాం. లోపలి గోడ మీద మంటలు, రాక్షసులు, వాటి మధ్య సూపర్‌మ్యాన్, మేట్రిక్స్ హీరో నియో, ఇంకా బోలెడుమంది. ఇదంతా కోరికలతో, హింసతో గింజుకునే లోకం. బుద్ధుడి విగ్రహం జోలికి మాత్రం ఎవరూ రారు.

[స్క్రీన్: నల్లటి తెర, అక్షరాలు: 2019]

అదే దేశంలో 2019లో ఒక కాలేజీ విద్యార్థిని బుద్ధుడినే అల్ట్రామన్ అనే జపాన్ టీవీ సూపర్‌హీరోగా బొమ్మ వేసింది. లోకాన్ని కాపాడే హీరో కదా, బుద్ధుడూ అంతేనన్నది ఆమె ఆలోచన. పెద్ద గొడవైంది, పోలీసు ఫిర్యాదు దాకా వెళ్లింది. ఆమె ఒక పెద్ద భిక్షువు ముందు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఆ బొమ్మల్లో ఒకటి వేలంలో 6 లక్షల బాత్‌లు పలికింది, అది వేరే సంగతి.

నిజానికి ఆమె చేసింది పొగడ్తే. గుడి గోడ మీద సూపర్‌మ్యాన్‌ది అంత గౌరవమైన పాత్ర కూడా కాదు. అయినా తంటా ఆమెకే వచ్చింది. ఎందుకంటే మిగతా అన్ని చోట్లా బయటి పాత్ర అంచున ఉంది: గోపురం మీద, గోడ మీద, దేవుడి పక్కన. ఇక్కడ మాత్రం నేరుగా పూజలందుకునే రూపానికే వేషం మారింది. చూసేవాడికి ఏ భావంతో వేశారో తర్వాత తెలుస్తుంది, ఎక్కడ వేశారో ముందు కంటికి కనపడుతుంది. అల్ట్రామన్‌ని వజ్రపాణి చోట కాపలాగా నిలబెట్టి ఉంటే, ఫిర్యాదు దాకా వెళ్లేది కాదనే నా అనుమానం.